ఏడో నంబరు చార్జరు

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాడు ఈపాటికి భూమిని ఇరవైసార్లు చుట్టి వచ్చి ఉండాలి. మన రివర్స్ బాబాయి మాత్రం బస్సు తోలుతూ డిపో గేటు దాటింది లేదు. ఆయన పనంతా గేటు లోపలే. ట్రిప్పు ముగించుకుని వచ్చిన డ్రైవరు గేటు దగ్గర బస్సు వదిలేసి, సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పడతాడు. అక్కడినుంచి దాన్ని కడిగే చోటికీ, కడిగాక వెనక గోడ దగ్గర దాని స్థానానికీ చేర్చేది బాబాయి. బస్సు వీపు గోడవైపు ఉండేట్టు నిలబెట్టాలి కాబట్టి ఆయన నడిపిన దూరంలో ముప్పాతిక భాగం వెనక్కి నడిపిందే. అలా వచ్చిందా పేరు. ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే, ఒకసారి బ్యాంకువాళ్లు ఫోను చేసి అసలు పేరుతో అడిగితే "ఆయన లేరండీ" అని పెట్టేశాడు.

ఆయన పనితనం చూడాలంటే సాయంత్రం నాలుగు దాటాక డిపోలో నిలబడాలి. బస్సుకీ బస్సుకీ మధ్య మూరెడు, బస్సుకీ గోడకీ మధ్య బెత్తెడు. నమ్మక కొలబద్ద పెట్టి చూసినవాళ్లున్నారు. చిత్రమేమిటంటే ఆయన అద్దాలవంక చూడడు. తల కిటికీలోంచి కాస్త బయట పెట్టి, మెడ వెనక్కి తిప్పి, ఒక చెవిని గోడవైపు పెడతాడు. ఇంజను మోత గోడకు తగిలి తిరిగొస్తుంది కదా, గోడ దూరంగా ఉంటే ఆ మోత పలచగా ఉంటుంది, దగ్గరపడేకొద్దీ చిక్కబడుతుంది. బెత్తెడు దూరానికి రాగానే అందులోకి ఒక బొంగురు దిగుతుంది. ఆ బొంగురు వినబడగానే బ్రేకు. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇది విద్య అని ఆయనకూ తెలియదు. అడిగితే "అలవాటండీ" అనేవాడు.

ఇన్నేళ్లలో ఆయన చేతిలో ఏ బస్సుకూ ఒక్క గీత పడలేదు. గీత పడకుండా పదవీ విరమణ చేసినవాళ్లకు పెద్దాఫీసు ఒక షీల్డు ఇస్తుంది. చెక్క పలక మీద ఇత్తడి రేకు, దానిమీద పేరు. ఇవ్వడం మొదలుపెట్టాక రోడ్డు డ్రైవర్లలో ఇద్దరికే దక్కింది, డిపో లోపలివాళ్లలో ఎవరికీ దక్కలేదు.

ఆ షీల్డు కోసం బాబాయి కన్నా ఎక్కువ ఎదురుచూసింది ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందుగది సగం కుట్టుమిషనూ, గుడ్డముక్కలూ, కొలతలు రాసిన చీటీలూ. మిగిలిన సగంలో గోడమీద సరిగ్గా తలుపు తీయగానే కనబడేచోట ఆవిడ రెండేళ్ల ముందే ఒక మేకు కొట్టించి పెట్టింది. ఎందుకంటే ఆవిడకో అక్క ఉంది. ఆ అక్క మొగుడు, అంటే బాబాయి తోడల్లుడు, దూరపు ఊళ్లకు బస్సులు నడిపిన మనిషి. చుట్టాలు నలుగురు పోగైతే చాలు, ఆ అక్కగారి నోరు ఊరుకోదు. "మా ఆయన ఊళ్లు చూశాడు, మా మరిది గోడలు చూశాడు" అంటుంది. అందరూ నవ్వుతారు. బాబాయి కూడా నవ్వుతాడు. ఆయన భార్య మాత్రం నవ్వదు, ఇంటికొచ్చి మిషను మీద కూర్చుని ఓ పావుగంట కసిగా తొక్కుతుంది. మిషను మోతను బట్టి ఆవిడ ఏ మాట తలుచుకుంటోందో చెప్పగల చెవి బాబాయిది.

ఇలా ఉండగా డిపోకి కరెంటు బస్సులొచ్చాయి.

ఆ చుట్టుపక్కల నగరాల్లో కరెంటు బస్సులు తెచ్చుకున్న మొదటి డిపో అదే. వెనక గోడ పొడుగునా ఇరవై నాలుగు చార్జర్లు పాతారు. ఒక్కొక్కటీ బీరువా అంత ఉంటుంది. బస్సు వీపు దగ్గర మూత తీసి, చార్జరు తీగ తగిలిస్తే, తెల్లారేసరికి బస్సు సిద్ధం. పొగ లేదు, నూనె మరకలు లేవు, కడిగే ఆవిడకు సగం చాకిరీ తప్పింది. కొత్త బస్సును చూసి అందరూ సంబరపడుతుంటే బాబాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, స్టార్ట్ చేసి, కిందకు దిగి, మళ్లీ ఎక్కాడు. స్టార్ట్ అయిందో లేదో ఆయనకు అర్థం కాలేదు. ఉలుకూ లేదు పలుకూ లేదు. వెనక్కి వెళ్తుంటే మాత్రం కీక్ కీక్ అని ఒక కూత పెడుతుంది. గోడ పది గజాల దూరంలో ఉన్నా అదే కూత, బెత్తెడు దూరంలో ఉన్నా అదే కూత. వెనక ఏముందో చూపించడానికి స్టీరింగు పక్కన చిన్న తెర పెట్టారు. కానీ మెడ వెనక్కి తిప్పి చెవి పెట్టేవాడు ముందున్న తెరను ఎప్పుడు చూస్తాడు?

మొదటి వారం, నాలుగో రోజు, మిట్టమధ్యాహ్నం. కడిగిన బస్సును ఏడో నంబరు చార్జరు దగ్గరికి వెనక్కి పోనిస్తున్నాడు. మెడ తిప్పాడు, చెవి పెట్టాడు, బొంగురు కోసం ఎదురుచూశాడు. బొంగురు రాలేదు. రాలేదంటే ఇంకా దూరం ఉందన్నమాట అనుకుని ఇంకాస్త పోనిచ్చాడు. తర్వాత వినబడింది బొంగురు కాదు. దిగి చూస్తే చార్జరు పొట్ట లోపలికి పోయి, తెర పగిలి, పైనుంచి సన్నగా పొగ వస్తోంది. బస్సు బంపరు మీద అడుగు పొడుగు గీత.

భోజనాల వేళ కావడంతో అక్కడ ఎవరూ లేరు. చప్పుడు విని వచ్చింది డిపో మేనేజరు ఒక్కడే. వయసులో చిన్నవాడు, భయస్థుడు, మంచివాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఏం జరుగుతుందో అదే జరిగింది. బస్సులొచ్చి వారం కాకముందే మనవాళ్లే చార్జరు గుద్దేశారని తెలిస్తే ఊరంతా ఈ పథకాన్నే ఆడిపోసుకుంటుందని మేనేజరు గాబరాపడ్డాడు. "పైగా మీ షీల్డు, బాబాయ్. పదకొండు నెలలు ఓపిక పడితే అయిపోతుంది" అన్నాడు. ఆ రోజు నివేదికలో 'ఓల్టేజి హెచ్చుతగ్గుల వలన ఏడవ చార్జరు దెబ్బతిన్నది' అని రాశాడు. బంపరుకు రంగు వేయించాడు. బాబాయి కాదనలేదు. కాదనాలని గొంతుదాకా వచ్చింది, ముందుగదిలో మేకు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆయన పెరటిగుమ్మం గుండా ఇంట్లోకి వచ్చాడు. బాబాయి నడక పిల్లినడక, వచ్చింది తెలియదు, మిషను మీద ఉన్న భార్య ఎన్నిసార్లు ఉలిక్కిపడిందో. అందుకని ఆవిడ పెరటి తలుపుకు ఒక పాత సత్తుమూత కట్టి పెట్టింది. తలుపు తోస్తే టంగుమంటుంది. ఆ వేళ టంగుమనగానే బాబాయి అక్కడే నిలబడిపోయాడు. తలుపు మూశాడు, తోశాడు. మళ్లీ మూశాడు, తోశాడు. పదోసారికి ఆవిడ మిషను ఆపి వచ్చి, డిపోలో ఎండదెబ్బ తగిలిందా అని నుదురు పట్టుకుని చూసింది.

మర్నాడు ఆయన సామాన్ల గదిలో దూరాడు. నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక పోసి ఉంచే ఎర్ర ఇనప బకెట్లు, కొత్త సరంజామా వచ్చాక అవన్నీ అక్కడ మూల పడేసి ఉన్నాయి. ఒక్కొక్క బకెట్టుకు లోపల పాత బోల్టు వేలాడేలా తీగ కట్టి, చార్జరుకు బెత్తెడు ముందు, బంపరు ఎత్తుకు, పైకప్పు దూలం నుంచి తాడుతో దించాడు. బంపరు తగలగానే టంగ్. టంగుమనగానే బ్రేకు. ఇరవై నాలుగు చార్జర్లకు ఇరవై నాలుగు బకెట్లు. ఆ తర్వాత ఒక్క గీత పడలేదు.

డిపోకి పేరొచ్చింది. బస్సులు వేళకు బయల్దేరుతున్నాయి, చార్జర్లు చెడిపోవడం లేదు. ఇది నమూనా డిపో అని పెద్దాఫీసు బోర్డు కట్టించింది. ఇక పక్క నగరాలనుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు మొదలయ్యారు. కరెంటు బస్సులు కొనాలని అందరికీ ఉంది, కొన్నాక ఏమవుతుందోనని అందరికీ గుబులు. ముందు దిగినవాడిని నీళ్లెంత లోతని అడగడం మంచిదే కదా. వచ్చినవాళ్లందరికీ మేనేజరు టీ ఇప్పించి, అచ్చువేసిన నివేదిక చేతికిచ్చేవాడు. అందులో 'ఎదురైన ఇబ్బందులు' అన్నచోట ఒకే ముక్క, ఓల్టేజి హెచ్చుతగ్గులు.

ఒక నగరం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చేతిలో టేపూ, చెవిమీద పెన్సిలూ. గోడ పొడవు కొలిచింది, చార్జరుకూ చార్జరుకూ దూరం కొలిచింది, వేలాడుతున్న బకెట్టు ఎత్తు కూడా కొలిచింది. ఇదెందుకని మేనేజరును అడిగింది. ఎందుకో చెప్పాలంటే ఏడో నంబరు సంగతి చెప్పాలి. "అది... అదనపు భద్రతా ఏర్పాటండీ" అన్నాడాయన. ఆవిడ రాసుకుంది. రాసుకుంటూ పక్కనున్న బాబాయి ముఖంలోకి చూసింది. బాబాయి పైకప్పు రేకులు లెక్కపెట్టాడు.

ఆరునెలలు గడిచాయి. చూసి వెళ్లిన నగరాలు కూడా కరెంటు బస్సులు తెచ్చుకున్నాయి. బాబాయి ఉద్యోగం ఇంకో ఇరవై రోజులు ఉందనగా, ఐదు నగరాల డిపోలవాళ్లు కలిసి మాట్లాడుకోవాలని, అది నమూనా డిపోలోనే జరగాలని కబురొచ్చింది. ఇంజనీర్లే కాదు, బస్సులు నిలబెట్టేవాళ్లను కూడా ఒక్కొక్కరిని వెంటబెట్టుకు రావాలని ఇంజనీరమ్మ పట్టుబట్టిందట. ఇంట్లో ఏర్పాట్లు అప్పటికే జోరుగా ఉన్నాయి. షీల్డు ఇచ్చే రోజుకు అక్కనూ బావగారినీ భార్య స్వయంగా పిలిచి వచ్చింది. ముందు వరసలో కూర్చోవాలని మరీ మరీ చెప్పింది. ఆ వారమంతా మిషను మోత పాట పాడుతున్నట్టుంది. అది వింటుంటే బాబాయికి అన్నం సయించలేదు.

సమావేశం పొద్దున పదకొండింటికి, డిపో మేడమీది హాల్లో. ముందు వరసల్లో ఇంజనీర్లు, చిట్టచివరి బల్ల మీద బస్సులు నిలబెట్టేవాళ్లు ఐదుగురు. అందరూ బాబాయి వయసువాళ్లే, ఒకరితో ఒకరికి పరిచయం లేదు.

ఇంజనీరమ్మ లేచి తమ నగరం సంగతి చెప్పింది. ఇక్కడ చూసినదంతా మక్కీకి మక్కీ దింపామంది. అంతే దూరంలో చార్జర్లు పెట్టారు. ఓల్టేజి అని నివేదికలో ఉంది కాబట్టి దాన్ని అదుపులో ఉంచే యంత్రాలు బండెడు ఖర్చుతో తెప్పించారు. అయినా ఆరు చార్జర్లు పోయాయి. అలా చెబుతూ సంచీలోంచి నీలంరంగు ప్లాస్టిక్ బకెట్టు ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

"ఇవి కూడా నలభై వేలాడదీశామండీ. ఎందుకో మాకు తెలియదు. మీరు పెట్టారు, మేమూ పెట్టాం" అంది.

హాలంతా గొల్లుమంది. బకెట్టు అని రాసుకుందే గాని ఇనపదని రాసుకోలేదు. తుప్పు పట్టదు, చవక, అని కొనేవాళ్లు ప్లాస్టిక్కువి కొన్నారు. బస్సు వచ్చి తగిలితే అది కిక్కురుమనకుండా పక్కకు ఒదిగి దారిస్తుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని ముందు వరసలో ఎవరో గొణిగారు. ఆవిడ నవ్వలేదు. నెలాఖరులో తమ నగరసభ కూర్చుంటోందని, రెండో విడత అరవై బస్సులు కరెంటువా డీజిలువా అని తేలుస్తుందని, మన కరెంటుకు ఈ బస్సులు పడవని అప్పుడే సగంమంది అనేస్తున్నారని చెప్పింది. డీజిలే అని తేలితే ఇంకో పదిహేనేళ్లు ఆ ఊరు ఆ పొగే పీల్చాలి. "మేం చేయనిది మీరు ఏం చేస్తున్నారో ఒక్కటి చెప్పండి చాలు" అని కూర్చుంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే కింద ఆవరణలో ఒక పాత డీజిలు బస్సు వెనక్కి కదిలింది. డిపోలో మిగిలిన ఆఖరి నాలుగింటిలో ఒకటి. ఆ మోత వినబడగానే బాబాయి మెడ తనంతట తానే కిటికీవైపు తిరిగింది. తిరిగి చూస్తే, బల్లమీద ఉన్న మిగిలిన నలుగురి మెడలూ తిరిగే ఉన్నాయి. నలుగురూ ఒక చెవిని గోడవైపు పెట్టి వింటున్నారు. మోత చిక్కబడింది, బొంగురు దిగింది, ఐదుగురి కుడికాళ్లూ నేలమీద ఒక్కసారే నొక్కుకున్నాయి.

ఈ అలవాటు తన ఒక్కడిదే అనుకున్నాడు బాబాయి ఇన్నాళ్లూ. తనకు వినపడని బొంగురు కోసం వీళ్లు కూడా కాచుకుని ఉంటారు, తనలాగే ఇంకాస్త పోనిచ్చి ఉంటారు. ఒక్క మాట దాచినందుకు ఆరు చార్జర్లు, రేపు అరవై బస్సులు. షీల్డు గుర్తొచ్చింది. ముందు వరసలో కూర్చోబోయే వదినగారు గుర్తొచ్చింది. భార్య కొట్టించిన మేకు గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఏడో నంబరు చార్జరు కరెంటు వల్ల పోలేదండీ. నేను గుద్దాను."

మేనేజరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బాబాయి ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆయనకు తెలుసు.

"మేము అద్దం చూసి పెట్టేవాళ్లం కాదమ్మా. చెవితో పెట్టేవాళ్లం. ఇంజను మోతే మాకు దూరం చెప్పేది. కొత్త బస్సుకి మోత లేదు. మోత రాలేదంటే గోడ ఇంకా దూరం ఉందనుకున్నాను. ఇప్పుడు ఇనప బకెట్టు ఆ మాట చెబుతోంది. మీ ప్లాస్టిక్కుది చెప్పదు. అంతేనమ్మా తేడా."

ఇంజనీరమ్మ వెనక్కి తిరిగి తన డిపోనుంచి వచ్చిన మనిషి వంక చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన అప్పటికే తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటూనే లేచాడు. "మా ఊళ్లో మూడోది నేనే మేడమ్. తొమ్మిదోది కూడా నేనే. మిగిలినవి మా షిఫ్టువాళ్లు" అన్నాడు. ఆ పక్కాయన లేచాడు, ఆయనది రెండు. ఆ పైవాడిది ఒకటి. చివరాయన లేవకుండానే మూడు వేళ్లు చూపించాడు. తిలా పాపం తలా పిడికెడు. ఏడో నంబరుతో కలిపి పదమూడు చార్జర్లు పోయిన చోటల్లా నివేదికల్లో ఉన్నది మాత్రం ఒకే ముక్క, ఓల్టేజి హెచ్చుతగ్గులు. ఒక ఊరి నివేదిక చూసి ఇంకో ఊరు రాసుకుంది. రోగం దాచి మందుచీటీ ఒకటే ఊరూరా తిప్పారన్నమాట. నివేదికలు రాసేవాళ్ల మీద నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం ఆ పూటకు రుజువైంది.

అప్పుడు మేనేజరు లేచాడు. ఓల్టేజి అని మొదట రాసింది తనేనని, బాబాయి రాయమనలేదని చెప్పాడు. భయస్థుడికి అది చిన్న పనేమీ కాదు.

భోజనాలు మరిచిపోయి అందరూ కిందకు దిగారు. ఇంజనీరమ్మ కరెంటు బస్సులో బాబాయి పక్కన కూర్చుని, మీరు ఎప్పుడు బ్రేకు వేస్తారో నాకు చెప్పండంటూ పదిసార్లు ముందుకూ వెనక్కీ తిప్పించింది. ఎందుకో తెలిశాక ఎలాగన్నది ఎవరికి వారికే తోచింది. ఆవిడ బకెట్టే అక్కర్లేదంది. చక్రం వచ్చి ఆగేచోట నేలమీద సిమెంటు దిమ్మ కట్టిస్తే చాలంది. ఇంకొకరు చార్జర్లను మనిషి ఎత్తుకు పైకి ఎత్తేస్తామన్నారు. మరొకరు మాకు మా ఇనప బకెట్లే ముద్దన్నారు. తన బకెట్టును పక్కన పెట్టేసినందుకు బాబాయికి కాస్త చివుక్కుమంది గానీ, సిమెంటు దిమ్మ మంచి ఆలోచనేనని ఒప్పుకున్నాడు.

ఇంటికి మాత్రం ఆ రోజు చాలా నెమ్మదిగా నడిచాడు. పెరటి తలుపు టంగుమంది. మిషను ఆగింది. బాబాయి కాళ్లు కడుక్కోకుండానే భార్య ఎదురుగా గుడ్డముక్కల మధ్య కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. షీల్డు ఇక రాదని కూడా చెప్పాడు.

ఆవిడ చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"తలుపు పదిసార్లు తోశారే, ఆ రోజేనా?"

"ఆ రోజే."

"పది నెలలకు పైగా నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఆ మేనేజరుకు తెలుసు, నాకు తెలియదు. షీల్డు పోతే పోయింది. నాకు చెప్పలేదు చూడండి, అదీ నాకు బాధ."

బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నువ్వు మేకు కొట్టించుకున్నావని భయపడ్డానన్నాడు. మేకు కొట్టింది గోడకే గానీ మీ నోటికి కాదుగా అని ఆవిడ విసురుగా లేచి టీ పెట్టడానికి వెళ్లింది. రెండు రోజులు మాటలు పొడిపొడిగానే ఉన్నాయి. మూడోరోజు ఆవిడే అక్కకు ఫోను చేసింది. షీల్డు లేదు, మీరు రావాలనుకుంటే రండి, లేకపోతే లేదు అని చెప్పేసింది. అవతల అక్కగారు ఏదో అన్నట్టుంది. "అవునే, గుద్దాడు. గుద్దానని ఐదు ఊళ్లవాళ్ల ముందు చెప్పాడు. బావగారిని అడుగు, ఎప్పుడైనా అలా చెప్పాడేమో" అని పెట్టేసింది. మిషను మోత మామూలయింది.

పెద్దాఫీసునుంచి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి షీల్డుకు అర్హత లేదని బాబాయికి, ఇంకొకటి ఇకముందు జాగ్రత్తగా ఉండమని మేనేజరుకు. వాటితో పాటు ఐదు నగరాలూ ఒప్పుకున్న కొత్త నివేదిక నమూనా కూడా వచ్చింది. అందులో 'ఎదురైన ఇబ్బందులు' తీసేసి 'అసలేం జరిగింది, ఎవరు చూశారు' అని పెట్టారు. ఆ గడి ఇంజనీరమ్మ పట్టుబట్టి పెట్టించిందే. ఎవరు చెప్పినా వాళ్ల మీద చర్య ఉండదని అడుగున ఒక వాక్యం కూడా రాయించింది.

విరమణ రోజున హంగామా ఏమీ లేదు. టీ, బిస్కట్లు, మేనేజరు చెప్పిన నాలుగు ముక్కలు. వదినగారు వచ్చింది, ముందు వరసలోనే కూర్చుంది, ఆశ్చర్యం, ఏమీ అనలేదు. తోడల్లుడు మాత్రం బాబాయిని పక్కకు తీసుకెళ్లి, ఎప్పుడో ఒక వంతెన దగ్గర తన బస్సుకు తగిలిన దెబ్బ రాయి వల్ల కాదని చెవిలో చెప్పాడు. ఆ సాయంత్రం బాబాయి ఆఖరి బస్సును ఏడో నంబరు దగ్గర నిలబెట్టాడు. బకెట్టు టంగుమంది.

ఇంట్లో మేకు ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉంటే బాగోదని భార్య దానికి కొలతల టేపు తగిలించింది, బాబాయి దానివైపు చూడకుండా తిరిగేవాడు. నెలన్నర తర్వాత ఒక పార్సిలు వచ్చింది. విప్పితే నీలంరంగు ప్లాస్టిక్ బకెట్టు. లోపల ఇంజనీరమ్మ చీటీ. అరవై బస్సులూ కరెంటువే తీసుకోవాలని నగరసభ తేల్చిందట, సిమెంటు దిమ్మలు కట్టాక ఒక్క చార్జరూ పోలేదట. ఈ బకెట్లతో ఇక పని లేదు కాబట్టి ఒకటి మీకు పంపమని మా డిపోవాళ్లు అడిగారని రాసింది.

బకెట్టు చుట్టూ నల్ల సిరాతో ఏదో రాసి ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తిప్పుతూ చదివాడు. భార్య మిషను ఆపింది.

"ఏమని రాశారు?"

"మూడో నంబరు, నేను గుద్దాను. తొమ్మిదో నంబరు, నేను గుద్దాను. పదకొండో నంబరు, నేను గుద్దాను." ఆయన బకెట్టును ఇంకాస్త తిప్పాడు. "అందరూ తేదీలు కూడా వేశారు. సంతకాలు పెట్టారు."

"మొదట ఎవరిది రాశారు?"

బాబాయి బకెట్టును ఆవిడవైపు తిప్పి చూపించాడు. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో ఉంది. ఏడో నంబరు, రివర్స్ బాబాయి.

ఆవిడ బకెట్టు అందుకుని ఒకసారి చుట్టూ చూసింది. కొలతల టేపు తీసేసి, మిషను బల్ల ఎక్కి, బకెట్టును మేకుకు తగిలించింది. తలుపు తీయగానే కనబడుతోంది. ముందుగదిలో బకెట్టేమిటని వచ్చినవాళ్లంతా అడుగుతారే అన్నాడు బాబాయి.

"అడగాలనే పెట్టాను" అంది ఆవిడ దారం ఎక్కిస్తూ. "అడిగినవాళ్లకు చెప్పండి. గుద్దిన దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పండి."